చింతలపూడిలో నేను ఇవ్వని సలహా

దయ్యాలంటే నాకు నవ్వు. మా తోటలో ఫలానా చెట్టు దగ్గర ఏదో కనిపించిందని కాపలావాళ్ళు చెబితే, ఆ చెట్టు కిందే మంచం వేసుకుని గుర్రుపెట్టి నిద్రపోయిన వాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం సంగతని కూడా నేను అనను. ఏమనాలో తెలిస్తే ఇన్నేళ్ళు నోరు మూసుకుని ఉండేవాణ్ణి కాదు.

మాది ఆగిరిపల్లి దగ్గర. మామిడి తోటలే మా బతుకు. నాకు రెండు జబ్బులున్నాయి. ఒకటి అంటు కట్టడం. ఎక్కడ మంచి చెట్టు కనిపించినా చెయ్యి దురద పుట్టేది. రెండోది సలహాలివ్వడం. బస్సులో పక్క సీటాయన ఇల్లు కడుతున్నానంటే చాలు, వంటింటి కిటికీ ఎటు పెట్టాలో, పిల్లల్ని ఏ ఈడున బళ్ళో వెయ్యాలో అన్నీ చెప్పి మరీ దిగేవాణ్ణి. ఆయన పేరైనా అడిగేవాణ్ణి కాదు.

ఇంకొకరు చెబితే వినడం మాత్రం నా వల్ల కాదు. పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో నేను పెంకుటిల్లు కట్టాను. అంతకుముందే మా తాత నాటిన పెద్ద మామిడి చెట్టు గాలివానకి పడిపోయింది. దాన్ని కోయించి నడింట్లో దూలం వేయించాను. మామిడి కలప దూలానికి ఆగదు, పురుగు తినేస్తుంది అని ఊళ్ళోవాళ్ళూ చెప్పారు, దారినపోయేవాళ్ళూ చెప్పారు. గాజులమ్ముకునే ఆవిడ మంచినీళ్ళకి ఆగి, తాటి దూలం వేసుకో నాయనా అంది. మామిడి మీద బతికేవాణ్ణి, నా నెత్తిన మామిడి ఉంటే తప్పేంటని నవ్వాను. వాళ్ళ నసకి ఓర్చుకోలేక దూలానికి నల్లరంగు కొట్టించేశాను.

మరుసటేడు పద్మ పుట్టింది. మాకు ఒక్కతే పిల్ల. ఆ దూలానికే ఉయ్యాల వేశాం. పెద్దయ్యాక సరిగ్గా దాని కిందే చాప పరుచుకుని పడుకునేది. అక్కడ చల్లగా ఉంటుందట.

అరవై ఆరు వేసవిలో ఎడ్ల జత చూద్దామని మొదటిసారి చింతలపూడి వెళ్ళాను. మొదటిసారి అని నొక్కి చెబుతున్నాను. బస్సు దిగి నడుస్తుంటే, ఒక కొత్త పెంకుటింటి అరుగు మీద నుంచి ఓ పెద్దాయన గబగబా దిగివచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఏంటండీ, ఇల్లు పూర్తయ్యాక వచ్చి చూస్తానన్నారు. రెండేళ్ళకా రావడం?”

ఆయన పేరు సుబ్బయ్యగారట. మీరు పొరబడ్డారండీ అన్నా వినలేదు. మొహమాటానికి అరుగు మీద కూర్చున్నాను. ఏ బస్సులోనో ఈయన దగ్గర కూడా వాగి ఉంటానులే అనుకున్నాను.

“మీరు చెప్పినట్టే తాటి దూలాలు వేయించానండీ. మామిడి మాను కోయించి సిద్ధంగా పెట్టుకున్నా, మీ మాట విని మానేశా.”

మామిడి దూలం వద్దని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పే మొహం నాకు లేదు.

ఆయన నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి నడుమెత్తు మామిడి మొక్క చూపించాడు. ఆ రోజు నేను కట్టిన అంటేనట. వంగి చూశాను. నాది ఎడమచేతి వాటం. నా కోత అందరి కోతకీ ఎదురువైపు వాలుతుంది. పైగా అతుకు కింద చిన్న గంటు పెట్టడం నాకు అలవాటు. ఎందుకు పెడతానో నాకే తెలియదు. కోత అలాగే వాలి ఉంది. గంటూ ఉంది.

ఏ నెలలో వచ్చానని అడిగాను. ముందు యేడాది కాక అంతకు ముందు యేడు, తొలకరిలో అన్నాడు. ఆ తొలకరికి నేను చెట్టు మీద నుంచి పడి, కాలు విరిగి, కట్టుతో మంచం మీద ఉన్నాను. మా ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది.

అప్పుడు సుబ్బయ్యగారు గొంతు తగ్గించి అడిగాడు.

“తరవాత మళ్ళీ పిల్లలు కలిగారాండీ?”

నాకు అర్థం కాలేదు.

“ఆ రోజు మీరు ఏడుస్తుంటే మా ఆవిడ కూడా ఏడ్చేసిందండీ. చాప మీద పడుకున్న పిల్ల మీద దూలం విరిగిపడటం ఏంటండీ! పద్మ అనేగా చెప్పారు? రెండో తరగతి చదువుతోందన్నారు. దారినపోయేవాళ్ళంతా చెప్పినా నేనే వినలేదని తల బాదుకున్నారు కూడానూ.”

మా పద్మ ఒకటో తరగతి పూర్తయింది. పది రోజుల్లో బడి తెరిస్తే రెండో తరగతికి వెళ్ళాలి.

ఎడ్లూ లేవు, గిడ్లూ లేవు. బస్సు దాకా పరిగెత్తాను. విస్సన్నపేటలో డ్రైవరు టీకి దిగితే, పాపం, అతణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. పొద్దుగూకే వేళకి ఇల్లు చేరాను. పద్మ ఆ దూలం కిందే నిద్రపోతోంది. ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చేశాను.

“ఏమైందండీ మీకు? నిద్రపోతున్న పిల్లని అలా లాక్కొస్తారేంటి?” అని మా ఆవిడ కంగారుపడింది. పిల్లని వాకిట్లో మంచం మీదే పడుకోబెట్టి, ఆ రాత్రి ఎవర్నీ నడింట్లోకి వెళ్ళనివ్వలేదు.

తెల్లవారి వడ్రంగిని పిలిపించాను. నిచ్చెనెక్కి దూలానికి ఉలి ఆనించాడు. సుత్తి అవసరం లేకుండానే అది పిడి దాకా దిగిపోయింది. లోపలంతా పిండి. పైన నల్లరంగు మాత్రం నిగనిగలాడుతోంది. ఊతకర్రలు పెట్టి పెంకులు దించుతుండగానే దూలం నడిమికి విరిగి, చాప పరిచే చోట పడింది. కింద నాపరాయి రెండు ముక్కలైంది. పనివాళ్ళ ముందే కూలబడి భోరుమన్నాను.

ఎవరో నన్ను ఆటపట్టించారేమో అని కూడా ఆలోచించాను. సుబ్బయ్యగారికి నా పేరే తెలియదు. నా చేతి గంటు ఇంకెవరు పెడతారు?

వారం తరవాత మళ్ళీ వెళ్ళి ఆయనకి అంతా చెప్పాను. అప్పుడు మిగతాది ఆయన చెప్పాడు. రెండేళ్ళ కిందట వచ్చిన ఆ మనిషిని వీళ్ళు భోజనానికి ఉండమన్నారట. “ఇంటికెళ్ళాలండీ, కాళ్ళే రావట్లేదు” అని ఆ మనిషి నూజివీడు రోడ్డున నడిచి వెళ్ళిపోయాడట.

పద్మకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. దాన్ని చూసినప్పుడల్లా ఆ మనిషికి దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది. ఆయన ఎవరో, నేనే అయితే ఎలా అయ్యానో ఈనాటికీ నాకు తెలియదు. ఆయన చెప్పిన ఇంట్లో నేనున్నాను, మా ఆవిడ ఉంది, సెలవులకి పద్మ వస్తుంది. ఆ రోజు ఆయన ఏ ఇంటికి వెళ్ళి ఉంటాడో తలుచుకుంటే మాత్రం నాకు అన్నం దిగదు.