కొసరు పడ్డ చీజ్‌కేక్

ఫోన్‌లో ఒక వీడియో రెండుసార్లు చూస్తే చాలు, లోకంలో వండలేనిదంటూ ఉండదని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. గద్వాలలో మా నాయనది కిరాణా దుకాణం. దాని పక్కనే ఎండుమిర్చి బస్తాలతో నిండిన ఇంకో షట్టరు, అదీ మాదే. అందులో కేకుల దుకాణం పెడతానని నా పట్టు. విత్తనాల వ్యాపారికి కిరాయికిస్తానని నాయన పట్టు. నెలరోజులు బేరమాడి ఆయన్ను ఒక షరతుకు దించాను. మాకు మిర్చి పంపే రాయచూరు సేటు భార్యతో కలిసి ఆదివారం భోజనానికి వస్తున్నాడు. నేను కేకు చేసి పెట్టాలి. వాళ్లలో ఎవరైనా మళ్లీ అడిగి వేయించుకుంటే షట్టరు నాది, లేకపోతే విత్తనాలది.

మామూలు కేకైతే బేకరీలో దొరుకుతుందంటాడని మసాలా చాక్లెట్ చీజ్‌కేక్ ఎంచుకున్నాను. (ఆ పేరు పలకడానికే మా అవ్వకు మూడు రోజులు పట్టింది.) వీడియోలో చెప్పిన చీజు ఊరంతా తిరిగినా దొరకలేదు. సరే, పెరుగును గుడ్డలో కట్టి పాత తక్కెడ కొక్కేనికి వేలాడదీశాను. ఓవెన్ లేదు కనుక కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో గడ్డకట్టే రకమే గతి. ఇక మిగిలింది మసాలా: దాల్చినచెక్క, మిరియాలు, కారం. కారం మాత్రం కచ్చితంగా పావు చెంచా. వీడియోలో ఆమె ఆ మాట రెండుసార్లు చెప్పింది.

మా ఇంట్లో కచ్చితమనే తూకమే లేదని ఆమెకేం తెలుసు? తూచాక పైన ఇంత కొసరు వేయకపోతే మావాళ్లకు సరుకు ఇచ్చినట్టే ఉండదు. దుకాణంలోంచి కారం డబ్బా తెచ్చిన నాయనే పావు చెంచా కొలిచి గిన్నెలో వేశాడు. వేసిన చెయ్యి ఊరుకోలేదు, డబ్బాలోకి పోయి ఇంకో చిటికెడు తెచ్చింది. నేను వద్దనాలి. కానీ పుట్టి బుద్ధెరిగాక కొసరును వద్దన్న పాపాన పోలేదు. "గింతేనా, నాయనా?" అని నా నోరు దానంతటదే అడిగింది. ఇంకో చిటికెడు పడింది.

ఆదివారం రానే వచ్చింది. మా ఇళ్లలో తీపి కూడా కంచంలోనే పెడతారు కనుక, జొన్నరొట్టె పక్కనే నా కేకు ముక్క కూర్చుంది. సేటు భార్య కాస్త నోట్లో వేసుకుని నీళ్ల చెంబు ఎత్తింది. ఎత్తింది మళ్లీ దించలేదు. రెండు చిటికెలకే ఇంత మంటా అనుకుంటూ అనుమానంగా అవ్వ వైపు చూశాను.

"నువ్వు ఫ్రిజ్ కాడికి పోయినప్పుడు జరంత ఏసిన, బిడ్డా. సేటుకు పెట్టేదాంట్ల కొసరు లేకుంటే ఏమనుకుంటడు?"

"నేను గూడ జరంతే," అన్నాడు నాయన, రొట్టె వైపు చూస్తూ. (నేను అడిగి మరీ వేయించుకున్న సంగతి ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.)

షట్టరు పోయిందనుకున్నాను. ఇంతలో సేటు నుదుటి చెమట తుడుచుకుని, రొట్టె తుంచి, కేకులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆలోచించాడు. మళ్లీ అద్దాడు. కంచం నా ముందుకు జరిపాడు.

"ఇంకింత ఎయ్యి, బిడ్డా. తియ్యటి తొక్కు ఎన్నడు తినలే."

మూడు రోజుల నా కష్టం ఆయనకు పచ్చడిలా కనబడింది. ఏడుపు తర్వాత చూసుకోవచ్చని ముందు బేరం పట్టుకున్నాను.

"నాయనా, మళ్ల అడిగిండు."

"తొక్కు అనుకోని అడిగిండు గద."

"ఏమనుకోని అడగాల్నో షరతుల లేదు."

నాయన మాట పూర్తిగా తప్పలేదు, సగం షట్టరు ఇచ్చాడు. మిగతా సగంలో మిర్చి బస్తాలు కదలవన్నాడు. వాటిని కదిలించడానికి నాకింకో రెండేళ్లు పట్టింది.

ఇప్పుడక్కడ ఓవెన్ ఉంది, గ్రాముల్లో చూపే తూకం మిషను ఉంది. కారం చెంచాను ఎవరినీ ముట్టనివ్వను. జనం ఫోన్‌తో డబ్బు కట్టి, తూకం ఎంతంటే అంత తీసుకుని, మారుమాట లేకుండా వెళ్లిపోతారు. నాకే మనసొప్పక కొసరుగా చిన్న ముక్క కోసి డబ్బాలో వేస్తాను. ఇది మేం అడగలేదే అంటారు వాళ్లు. అడగరు, నిజమే. కారానికి కూడా కొసరు అడిగిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల కౌంటరుకు అటువైపు నిలబడితే బాగుండుననిపిస్తుంది. ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, తప్పకుండా అనేది: "గింతేనా?"