కేక వెయ్యకుండా కొట్టిన బంతి

పదకొండేళ్లపాటు మద్రాసులో ఏటా జరిగే గోల్ఫ్ పోటీలో నేను మొదటివాడిగానో రెండోవాడిగానో నిలిచాను. పత్రికలవాళ్లు నన్ను తొణకని మనిషి అని రాసేవారు. అది చదివినప్పుడల్లా పత్రిక మడిచి పక్కన పడేసేవాణ్ణి. మొదటి ఏడాది తప్పిస్తే, భయం లేకుండా కర్ర ఎత్తిన రోజు నాకు గుర్తు లేదు.

మాది మొవ్వ దగ్గర పల్లె. నాకు ఇరవై రెండేళ్లప్పుడు మావయ్య బందరులో దొరల క్లబ్బులో పని ఇప్పించాడు. ఓడరేవుకు వెళ్లే దారిలో, సరుగుడు తోట పక్కన, ఉప్పునేల మీద దొరలు తొమ్మిది గుంటల గోల్ఫ్ ఆటస్థలం చేసుకున్నారు. అక్కడ పచ్చిక బతకదు. గుంటల చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచేవారు. కూలీల చేత ఆ ఇసుక చదును చేయించడం నా పని. అది అయ్యాక, దొరలు రాకముందు, పారేసిన కర్ర ఒకటి పట్టుకుని నేనూ కొట్టేవాణ్ణి. సముద్రపు గాలికి బంతి చెదరకుండా కిందుగా పంపడం అలా పట్టుబడింది. నాలుగేళ్లకు క్లబ్బులో నన్ను ఓడించేవాళ్లు లేకపోయారు. ఆట నేర్పే ప్రొఫెషనల్‌గా నన్నే పెట్టుకుని మద్రాసు పంపారు. వెళ్లిన మొదటిసారే గెలిచాను.

రెండో ఏడు మద్రాసు రైలెక్కడానికి రెండు రోజుల ముందు సంగతి. పొద్దున్నే ఒక్కణ్ణీ సాధన చేస్తున్నాను. గాలి వీపు వెనక నుంచి వీస్తోంది. ఎంత దూరం పోతుందో చూద్దామనిపించి బలమంతా పెట్టి కొట్టాను. ముందర మనుషులుంటారేమోనని కొట్టేముందు కేక వెయ్యాలి, అది ఆటలో నియమం. ఎవరున్నారులే అని వెయ్యలేదు. బంతి తోట అంచున పడింది. అక్కడ ఎర్రచీర ఒకటి ఒరిగిపోవడం కనిపించింది.

పొయ్యిలోకి సరుగుడు ఆకు ఊడ్చుకోవడానికి వచ్చిన బెస్తవాళ్ల మనిషి ఆవిడ. నలభై ఏళ్లుంటాయి. ఎడమ చెవి పైన తగిలింది. నెత్తురు ఎక్కువ లేదు, కానీ ఎంత పిలిచినా పలకలేదు. కూలీలను పిలిచి, ఎడ్లబండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లాం. దారి పొడుగునా ఆవిడ తల నా ఒళ్లో ఉంది. ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను.

మర్నాటికీ కళ్లు తెరవలేదు. క్లబ్బు సెక్రటరీ దొర నన్ను పిలిచి, "ఇక్కడ సంగతి మేం చూసుకుంటాం, నువ్వు రైలెక్కు" అన్నాడు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. తను మోపిదేవి వెళ్లి పుట్టలో పాలు పోస్తానని మొక్కుకుంది.

"నేను గెలవాలనా?" అన్నాను.

"ఆవిడ లేవాలని. మీరు వెళ్లకుండా ఉంటే బాగుండునండీ" అంది.

వెళ్లాను. వెళ్లననడానికి కూడా ధైర్యం చాలలేదు. మద్రాసులో ప్రతి దెబ్బకూ ముందు ఎవరైనా అడ్డొస్తారేమోనని ఒళ్లు చల్లబడేది. అందుకని దూరం కొట్టడం మానేశాను. కనిపించినంత మేర, తిన్నగా, పొట్టిగా కొట్టాను. మిగతావాళ్లు బంతుల్ని పొదల్లోకీ నీళ్లలోకీ పోగొట్టుకుని దెబ్బలు పెంచుకున్నారు. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు. మళ్లీ నేనే గెలిచాను.

తిరుగు ప్రయాణంలో గుడివాడ స్టేషన్లో బందరు ప్లీడరు గుమస్తా ఒకాయన నా పెట్టెలోకి ఎక్కాడు. తెలిసినవాడే. నా చేతిలో వెండి కప్పు చూసి సంతోషించాడు. బందరులో వానలన్నాడు, చేపల ధర అన్నాడు. ఆస్పత్రి మాట ఎత్తలేదు. తెలియక ఎత్తలేదో, తెలిసే దాస్తున్నాడో అర్థం కాలేదు. అడుగుదామని నాలుగుసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ చేపల ధరే మళ్లీ అడిగాను. బందరులో దిగాను. ప్లాట్‌ఫారం మీద పోలీసు కనపడితే నాకోసమేననుకుని స్తంభం వెనక నిలబడ్డాను. అతను నావైపు చూడనైనా చూడలేదు.

తిన్నగా ఆస్పత్రికి వెళ్లాను. ఆవిడ మంచం మీద కూచుని గంజి తాగుతోంది.

"నువ్వేనా బాబూ కొట్టింది?"

"నేనేనమ్మా."

"ఇటు పక్కకొచ్చి చెప్పు. ఆ చెవి వినపడట్లేదు."

మంచం అటు పక్కకి వెళ్లి మళ్లీ చెప్పాను. ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఊరెళ్లావంటగా. ఆట గెలిచావా?"

"గెలిచాను."

"గెలిచినోడివి మరి అట్టా వణుకుతావేం? ఒక్క కేకేస్తే నీ సొమ్మేం పోయేది?"

ఆ చెవికి వినికిడి మళ్లీ రాలేదు. ఆవిడ ఫిర్యాదు చెయ్యలేదు, నన్ను క్షమించాననీ అనలేదు.

ఆ తర్వాత ప్రతి దెబ్బకూ ముందు కేకేసేవాణ్ణి, ఎదురుగా ఖాళీ నేల ఉన్నా సరే. మద్రాసు ఆటగాళ్లు నవ్వుకునేవారు. ఏటేటా నా భయం పెరుగుతూ వచ్చింది, దానితో పాటు గెలుపులూ పెరిగాయి. ఒకదాన్నించి ఒకదాన్ని విడదీయడం నా వల్ల కాలేదు.

పదకొండో ఏడు చివరి గుంట దగ్గర నాకూ ఒక కుర్ర ఆటగాడికీ దెబ్బల లెక్క సమానంగా ఉంది. గెలవాలంటే ఆటస్థలానికి అడ్డంగా పోయే రోడ్డు మీదుగా దూరం కొట్టాలి. రోడ్డు మీద పురుగు లేదు. రెండుసార్లు కేకేశాను. చేతులు లేవలేదు. పక్కకి పొట్టిగా కొట్టి, ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాను. ఆ అబ్బాయి వచ్చి నా కాళ్లకు దణ్ణం పెట్టి, "ఇన్నేళ్లు ఎలా నిలబడ్డారండీ?" అన్నాడు.

"భయపడ్డాను" అన్నాను. వినయమనుకుని నవ్వాడు.

బందరు వచ్చి సెక్రటరీ దొరకు రాజీనామా ఇచ్చాను. కారణం అడిగితే చూపు ఆనడం లేదన్నాను. నిజానికి తోట చివరి చెట్టు మీద కూచున్న కాకి కూడా నాకు స్పష్టంగా కనిపిస్తోంది.