పరిమళ నోరు విప్పని రోజులు

జగ్గయ్యపేటలో ఓ చిన్న సిమెంటు కంపెనీకి పరిమళ సెక్రటరీ. మూడు నెలల లాభనష్టాలు ప్రకటించేదాకా, అవి ముందే తెలిసిన లోపలివాళ్లు షేర్లు కొనకూడదు, అమ్మకూడదు, ఎవరికీ చెప్పకూడదు. ఆ రోజుల్లో చర్చి దగ్గర ఎవరైనా కంపెనీ ఊసెత్తితే కళ్లజోడు తుడుచుకుంటూ, "భోంచేశారా అండీ?" అంటుంది. ఓసారి తమ్ముడు జయరాజ్ నందిగామ నుంచి వచ్చి, "ఇంటికి స్లాబు వెయ్యాలక్కా. నా దగ్గరున్న మీ కంపెనీ షేర్లు అమ్మెయ్యనా, ఆగనా?" అన్నాడు. ఆగమన్నా గుట్టు చెప్పినట్టే. ఆమె చేపల పులుసు ఇంకో గరిటె వడ్డించింది. అతను అమ్మేశాడు. వారం తిరక్కుండా మంచి లాభాలు ప్రకటించారు, షేరు ధర ఎగిరింది. చాన్నాళ్లు అక్కతో మాట్లాడలేదు. ఇప్పుడు ఎవరైనా ఆమెను కదిలించబోతే జయరాజే ఛాతీ విరుచుకుని అడ్డొస్తాడు. "వదిలెయ్యండి. సొంత తమ్ముణ్ణి, నాకే చెప్పలేదు."