ముందే తీసిపెట్టిన మలీద

మనుమలు పుట్టినంక అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. బైబిల్ కూడబలుక్కుంట చదివేదాన్ని. అర్థం కానిది అట్లనే ఉంటుండె, నాకేం నష్టం లేకుండె. మా చర్చికి హైదరాబాదు నుంచి పెద్ద చదువుల సారు వచ్చి హెబ్రీ ప్రవక్తల మీద పాఠాలు మొదలువెట్టినంకనే తిప్పలు షురువైనయి.

మా అక్క గౌరమ్మను కొలుస్తది, నేను కొలువ. ఇద్దరం గోదావరిఖనిలనే, రెండు గల్లీల దూరం. సద్దుల బతుకమ్మకు అక్క రొట్టెలు చేసి, బెల్లం కలిపి మలీద ముద్దలు కడుతది. దేవతకు పెట్టింది నేను తిననని, పెట్టకముందే నా వాటా పక్కకు తీసి, తెల్లారి డబ్బల తెస్తది. ఏండ్లకేండ్లు గిట్లనే నడిచింది.

ఈసారి సరిగ్గ పండుగ ముందటి రోజు సారు బైబిల్లున్న ఆకాశరాణి అనే దేవత పాఠం తీసిండు. పిల్లలు కట్టెలు ఏరుతరట, తండ్రులు మంట వెడుతరట, ఆడోళ్లు పిండి పిసికి ఆ దేవతకు రొట్టెలు చేస్తరట. ప్రవక్తకు దాని మీదనే కోపం.

లేచి అడిగిన: "సారూ, పెట్టకముందే పక్కకు తీసింది తినచ్చునా?"

"మంచి ప్రశ్న అమ్మా. ప్రవక్త తప్పుపట్టింది నైవేద్యాన్ని ఒక్కదాన్నే కాదు, కట్టెల దగ్గర్నుంచి ఇంటిల్లిపాది చేసిన పనిని."

"అంటే తినద్దా?"

"అలా అనలేం. ఆ దేవత ఎవరన్న దాని మీదే పండితులకు ఏకాభిప్రాయం లేదు. పైగా ఆ స్త్రీలు ప్రవక్తకు ఎదురు చెప్పారు, పూజ మానేశాకే మాకు కరువొచ్చిందని. ఆ మాటనూ గ్రంథంలో దాచలేదు. కాబట్టి ఆ కాలపు ఇళ్లలో..."

"ఆ కాలం సంగతి కాదు సారూ. ఎల్లుండి మా అక్క వస్తది. తినాల్నా, వద్దా?"

ఆయన కండ్లద్దాలు తుడుచుకొని, "ఇంకా చర్చించాల్సిన విషయం," అన్నడు. ఏం చదువులో! ఉన్న దారి మూసిండు, ఇంకోటి చూపెట్టడు.

అక్క రానే వచ్చింది. మూత తీయకముందే అడిగిన: "పిండి ఎవరి పేరు మీద పిసికినవ్?"

"పండుగకు పిసికిన. ఏందే, మీ సారు కొత్త మెలిక పెట్టిండా?"

"పిసుకుడే తప్పట."

అక్క డబ్బ సంకల పెట్టుకున్నది. "దేవత కంటె ముందు మీ చెల్లెకా అని నా కోడలు నవ్వుతది. అయినా తీసిపెడుతున్న. వద్దంటె ఇప్పుడే చెప్పు, మల్ల తేను."

డబ్బ గుంజుకొని ఒక ముద్ద నోట్లె వేసుకున్న. మింగేదాక అక్క గడపలనే నిలవడి చూసింది. అప్పుడు లోపలికి వచ్చి, "చాయ్ పెట్టు," అన్నది.

తప్పు చేసిన్నో, ఒప్పు చేసిన్నో ఇప్పటికీ తెల్వది. సారును అడిగితె ఇంకో నలుగురు పండితుల ముచ్చట చెప్తడు. అడగక మానను గాని, ఇగ ఏదడిగినా పండుగ దాటినంకనే.