గడప ముందరి గుండు

మా ఆయన నూరుల్లా పోయి నలభై రోజులు దాటాయి. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయిన మరునాడే జిల్లా బరువులెత్తే పోటీల సంఘం బంట్రోతు లక్ష్మీపతి వచ్చి ఫోటో అడిగాడు. సంతాప సభలో అధ్యక్షుడు మల్లికార్జునయ్య దానికి దండ వేస్తాడట. ఆ పేరు వినగానే నా ఒళ్లు మండింది.

మా ఆయన ప్రొద్దుటూరు జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోసేవాడు. మా వీధిలో ఒక గుండు రాయి ఉండేది. పీర్ల పండగకు బలమైనవాళ్లు దాన్ని ఎత్తేవారు. అది ఎక్కడ పడితే అక్కడే ఉండాలి. మళ్లీ చేతులతో ఎత్తినవాడే కదపాలి. గడ్డపార ముట్టించడం మా వీధిలో సిగ్గుమాలిన పని.

యాభై ఏడులో సంఘంవాళ్లు పులివెందులలో బరువులెత్తే పోటీ పెట్టారు. గెలిచినవాడు జాతీయ పోటీలకు పోతాడు. మా ఆయన రెండు వందల ముప్పై పౌన్లు ఎత్తాడు. జమ్మలమడుగు కోదండపాణి నూటతొంభైకే కూలబడ్డాడు. తీరా జాబితాలో కోదండపాణి పేరుంది! అతను మల్లికార్జునయ్య మేనల్లుడు. ఆ మల్లికార్జునయ్య ఇనుప కడ్డీని ఏనాడూ ముట్టినవాడు కాదు. పార్టీలో పెద్ద కాబట్టి సంఘానికీ పెద్ద అయ్యాడు.

మా ఆయన పోయి మల్లికార్జునయ్యను అడిగాడు. "ఏందప్పా ఇది? ఎత్తింది నేనైతే పోయేది ఆయప్పా?"

"పైనుంచి వచ్చిన పేరు నూరుల్లా. నువ్వు పోయి బేళ్లు మోసుకో."

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. మరునాడు పొద్దున్నే గుండును భుజానికెత్తి, దారిలో మూడుచోట్ల ఆగి, మా ఊరి బజారులోనే ఉన్న సంఘం ఆఫీసు గడప మీద దించాడు.

"నాకు బదులు పోయేటోణ్ని దీన్ని ఎత్తి పక్కన పెట్టమనండి. పెడితే ఎర్రగుంట్ల రైలు కాడ నేనే దండేసి పంపిస్తా!"

బజారంతా కదిలింది. పక్కింటి జమీలాతో నేనూ పోయి దూరంగా నిలబడ్డాను. కోదండపాణి గంజి పెట్టిన చొక్కాతో వచ్చి గుండును వాటేసుకున్నాడు. మొహం ఎర్రబడింది గానీ గుండు లేవలేదు.

"ఏంరా, జారుతాందా? నెయ్యి పూసినారేమో సూడు!" అని ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు.

మల్లికార్జునయ్య నలుగురిని పిలిపించి, గడ్డపారలతో దాన్ని గోడవారకు దొర్లించాడు. సాయంత్రం మేనల్లుడు రైలెక్కనే ఎక్కాడు. అక్కడ ఒక్క బరువూ ఎత్తలేక తిరిగొచ్చాడు. అయినా వాడే ఇప్పుడు సంఘం కార్యదర్శి. మా ఆయనను మాత్రం ఇంకే పోటీకీ పిలవలేదు. ఎనిమిదేళ్లు బేళ్లే మోసి, మోస్తూనే గుండె ఆగి పడిపోయాడు.

ఇన్నాళ్లూ నేను పరాయి మగవాడితో గట్టిగా మాట్లాడి ఎరగను. ఆ రోజు పరదా పక్కకు లాగి లక్ష్మీపతితో అన్నాను.

"ఆ గుండు ఇంకా మీ గోడవారే పడుండాది కదా? మల్లికార్జునయ్యను చేతులతో ఎత్తి మా వీధిలో పెట్టమను. ఫోటో ఇస్తా."

"వదినా, ఆయప్పకు డెబ్బై ఏండ్లు!"

"అయితే కార్యదర్శిని పంపు."