పులితోలు మీద ఆవూ దూడా

గొల్లోరి మంగ్లు మూడుసార్లు శాసనసభకు పోటీ చేశాడు. ఒకసారి గెలిచాడు. ఓడిన రెండుసార్లూ జనానికి అతనంటే ఇష్టం లేక ఓడలేదు.

అంతకుముందు అతను టపా మోసేవాడు. అరకు నుంచి కొండ మీది పదకొండు ఊళ్లకు వారానికి రెండుసార్లు సంచీ భుజాన వేసుకుని నడిచేవాడు. ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతి దాకా చదివాడు. ఆ ఊళ్లలో చదవడం వచ్చినవాళ్లు లేరు. వచ్చిన కాగితం తనే చదివి, వాళ్ల భాషలో చెప్పి, జవాబు తనే రాసి, దాన్ని తనే మోసుకుపోయేవాడు. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటి కుక్క మొరిగి ఊరుకుంటుందో అతనికి తెలుసు.

అరవై ఏడు ఎన్నికలకు పార్టీకి కొండ మనిషి కావలసి వచ్చాడు. సీటు గిరిజనులది. విజయనగరం నుంచి అప్పలస్వామి అనే పార్టీ మనిషి జీపులో వచ్చాడు. జీపు ఆగిపోయిన చోట దిగి, రెండు కొండలు ఎక్కి, మంగ్లు ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

"ఈ ఊళ్లన్నీ నడిచినోడివి నువ్వొక్కడివేనట. నాను ఒక్క ఊరికే సచ్చిపోనాను. నువ్వు నిలబడాల," అన్నాడు.

"నిలబడి ఏటి సెయ్యాల?"

"ఏటీ సెయ్యక్కర్లేదు. నిలబడ్డమే."

మంగ్లు టపా పని వదిలి నిలబడ్డాడు. గుర్తు జోడెడ్లు. పదకొండు ఊళ్లూ వచ్చి ఓట్లు వేశాయి. కాని చాలామంది కాగితం మీదున్న బొమ్మలన్నిటికీ తలా ఒక ముద్ర వేశారు. ఇంటికొచ్చిన నలుగురిలో ఒక్కడికి అంబలి పోసి మిగతా ముగ్గురినీ చూస్తూ కూర్చోమనడం వాళ్లకు చేతకాదు. ఆ ఓట్లు చెల్లలేదు. మంగ్లు ఓడిపోయాడు.

డెబ్బై రెండులో అప్పలస్వామి మళ్లీ వచ్చాడు. ఈసారి గుర్తు ఆవూ దూడా. మంగ్లు ఆ బొమ్మ ఉన్న కాగితం పట్టుకుని బుధు దగ్గరికి వెళ్లాడు. బుధు మంగ్లు ఊరి దిసారి. విత్తనాలకు మంచిరోజు చూసేదీ, తగవుల్లో ప్రమాణం చేయించేదీ అతనే. మంగ్లు భార్య సోములమ్మకు మేనమామ.

"ఒక్క బొమ్మకే ముద్ర వెయ్యాలని వీళ్లకి ఎలాగ సెప్పాల మామా?"

"సెప్తే ఇంటారు. ఆ పూటకి మర్సిపోతారు. ఒట్టెట్టించు."

బుధు ఇంట్లో తాతలనాటి పులితోలు ఉంది. వెంట్రుకలు రాలిపోయాయి. ఒక చెవి మిగిలింది. దాన్ని ఊరి నడుమ పరిచి, మీద ఆవూ దూడా బొమ్మ పెట్టారు. అందరికంటే ముందు మంగ్లు చెయ్యి పెట్టాడు. ఈ ఆవుకూ దూడకూ తప్ప ఇంకో బొమ్మకు ముద్ర వెయ్యను, వేస్తే అడవిలో పులి నన్ను తినాల, అన్నాడు. తర్వాత సోములమ్మ. తర్వాత ఊరు ఊరంతా.

రాజులమ్మ అనే ముసలామె చెయ్యి పెట్టబోతూ ఆగింది.

"ఎన్నాళ్లకి బాబూ ఈ ఒట్టు?"

"ఎప్పటికీ," అన్నాడు మంగ్లు. అలా అనమని అతనికి ఎవరూ చెప్పలేదు.

"నీ పేరు కూడా సెప్పాలా?"

"పేరొద్దు పిన్నీ. బొమ్మ గుర్తుంటే సాలు."

పులితోలును చుట్టి, మోసుకుని, మిగిలిన పది ఊళ్లకూ తీసుకుపోయాడు. ఒకప్పుడు టపా సంచీ ఉన్న భుజం మీదే. ఆ ఏడు గెలిచాడు.

హైదరాబాదులో అతనికి ఒక గదీ, ఒక తాళంచెవీ ఇచ్చారు. తాళం వేసే ఇంట్లో అతను ఎప్పుడూ ఉండలేదు. తాళంచెవి పోగొట్టుకుంటానేమోనని మొలతాడుకు కట్టుకున్నాడు. సభలో పక్కవాళ్లు చెయ్యెత్తితే ఎత్తేవాడు. ఒక రోజు అందరూ లేచి అరుస్తుంటే తనూ లేచాడు. దేనికని పక్కాయన్ని అడిగితే, కూర్చోండి, అది మన వాళ్ల అరుపు కాదు, అన్నాడాయన.

అతనికి కావలసింది ఒక్కటే. ఊరి కింద పారే గెడ్డ మీద వంతెన. వానలు పడితే పదకొండు ఊళ్లూ గెడ్డకు అవతలే ఉండిపోతాయి. టపా రోజుల్లో నీళ్లు తగ్గేదాకా గట్టు మీద రెండేసి రోజులు కూర్చునేవాడు. కాన్పు కష్టమై డోలీలో మోసుకొచ్చిన ఆడమనుషులు ఆ గట్టు మీదే చచ్చిపోవడం రెండుసార్లు చూశాడు. వంతెన కోసం ఆరేళ్లలో ఎన్ని ఆఫీసుల ముందు నిలబడ్డాడో లెక్క లేదు. చివరి ఏడాది రెండు స్తంభాలు లేచాయి. పైన పలక పడాలి. ఇంకోసారి గెలిస్తే పడుతుంది. ఓడితే దాని సంగతి అడిగేవాడు ఉండడు. ఆ మాట ఇంజనీరే చెప్పాడు.

డెబ్బై ఎనిమిది ఎన్నికలు వచ్చాయి. అప్పలస్వామి కాగితాల కట్ట తెచ్చి విప్పాడు. వాటి మీద ఒక అరచెయ్యి ఉంది.

"ఆవేదీ?" అన్నాడు మంగ్లు.

"ఆవు ఆళ్లకెల్లిపోయిందండి."

"ఎవళ్లకి?"

"పార్టీ రెండైపోయింది గదా. ఆవుని ఆళ్లట్టుకుపోయారు. మనకి ఈ సెయ్యి."

"అయితే నాను పార్టీ మారానా?"

"మీరు మార్లేదండి. పార్టీ మారింది." అప్పలస్వామి కాసేపు ఆలోచించాడు. "పార్టీ కూడా మార్లేదు. బొమ్మ మారింది. అంతే."

ఆవూ దూడా గుర్తు మీద నిలబడినతను ఆ కొండలు ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కనక్కర్లేదని అతనికి అప్పటికి తెలియదు.

మంగ్లు బుధు దగ్గరికి వెళ్లాడు. ఊరంతా చేరింది.

"ఆ ఒట్టు ఇప్పెయ్యి మామా."

"ఎవరికిచ్చిన మాటో ఆళ్లే ఇప్పాల," అన్నాడు బుధు.

"నాకే గదా ఇచ్చారు. నాను ఇప్పేత్తన్నాను."

"నీకెక్కడిచ్చాం అల్లుడూ? పేరొద్దన్నావు. ఆవుకిచ్చాం."

"అయితే ఆవొచ్చి ఇప్పాలా?"

"అదే నాకూ తెలకుండా ఉంది," అన్నాడు బుధు.

"నీ ఆవు ఆళ్లు తోలుకుపోతే దూడనయినా ఉంచుకోలేకపోయావా బాబూ?" అంది రాజులమ్మ. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"అవతలోడు గెల్తే వంతెన ఆగిపోద్ది," అన్నాడు మంగ్లు.

అది అందరికీ తెలుసు. అతను గెలవాలనే అందరికీ ఉంది. గెలవడానికి కోడిని కోస్తామన్నారు. రెండు కోళ్లు కోద్దామన్నారు. ముద్ర మాత్రం ఆవుకే వేస్తామన్నారు. మాట తప్పే మనుషుల ఓట్లతో గెలిచి నువ్వేం చేస్తావని ఒకతను నిజంగానే అడిగాడు. మంగ్లు మిగిలిన పది ఊళ్లూ తిరిగాడు. పది చోట్లా కడుపునిండా పెట్టారు. పది చోట్లా ఇదే మాట.

పోలింగు రోజు పొద్దున్నే అతను గెలవాలని ఊరి దేవత ముందు రెండు కోళ్లు కోశారు. బుధు ఆ నెత్తురు అతని నుదుట పెట్టాడు. తర్వాత అందరూ బడి అరుగు ముందు వరసలో నిలబడ్డారు. మంగ్లును చూసి నవ్వుతూ, ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వచ్చారు. సోములమ్మ వెళ్లి వచ్చింది. అతని వైపు చూడలేదు.

మంగ్లు వంతు వచ్చింది. అట్టతో కట్టిన మరుగులో కాగితం విప్పాడు. ఆవు ఉంది. పక్కన దూడ ఉంది. కింద చెయ్యి ఉంది. చెయ్యి పక్కన తన పేరుంది. అందరికంటే ముందు తోలు మీద పెట్టింది తన చెయ్యే. ఎప్పటికీ అన్నది తన నోరే. బయటి నుంచి పోలింగు ఆఫీసరు దగ్గాడు.

మంగ్లు ఆవుకు ముద్ర వేశాడు.

పులికి భయపడి వేశానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. తేలలేదు.

లెక్కింపులో ఊరి పెట్టె విప్పారు. నూట ఎనభై ఏడు ఓట్లు. చెల్లనిది ఒక్కటీ లేదు. అంత బాగా నేర్పాడు. ఆవుకు నూట ఎనభై ఆరు. చేతికి ఒకటి.

"సొంతూళ్లో ఒక్క ఓటేటండీ," అన్నాడు అప్పలస్వామి. "అదీ మీదే. ఇంట్లో ఆవిడ కూడా ఎయ్యలేదా?"

ఆ ఒక్కటి మంగ్లుది కాదు.

ఆరువందల చిల్లర తేడాతో ఓడిపోయాడు. ఇంటికి వస్తూ రెండు స్తంభాల మధ్య గెడ్డ దిగి దాటాడు. మోకాలి లోతు నీళ్లు. ఊరివాళ్లు ఎదురొచ్చారు. రాజులమ్మ ఏడ్చింది. రెండు కోళ్లు కోసినా ఎలాగ ఓడిపోయావు బాబూ, అంది. అతను ఒక్కొక్కరి ముఖమే చూశాడు. ఒట్టు తప్పిన ముఖం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఎవరినీ అడగలేదు. అడిగితే తను ఎవరికి వేశాడో చెప్పాలి.

పది రోజుల తర్వాత సోములమ్మ అడ్డాకులకు బుట్ట తీసుకుని గడప దగ్గర నిలబడింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ అడవిలో ఒంటరిగా తిరిగిన మనిషి.

"నువ్వూ రా," అంది.

"నానెందుకు?"

"ఊరికే."

మంగ్లు ఆమెను చూశాడు. ఆమె బుట్ట చేతులు మార్చుకుంది. అతను చూరులోంచి గొడ్డలి తీశాడు.

ఆ రోజు నుంచి ఆమె ఆకులకు వెళ్లినప్పుడల్లా అతను వెళ్లాడు. ఆమె చెప్పలేదు. అతను చెప్పలేదు. తన కోసం ఆమె మాట తప్పింది. ఆ మాట కోసం తను ఆమెను ఒంటరిని చేశాడు. ఇద్దరిలో తప్పెవరిదో అతనికి తెలియలేదు.

ఎనభై మూడు ఎన్నికలకు ముందు జీపు వచ్చింది. అప్పలస్వామే. మెళ్లో కండువా రంగు మారింది. చేతిలో సైకిలు బొమ్మ.

"ఈసారి మనదే మంగ్లుగారూ. మీరు నిలబడితే సాలు. పలక కూడా ఏయించేద్దాం."

మంగ్లు ఆ బొమ్మ వంక చూస్తూనే విన్నాడు. పలక అన్న మాట దగ్గర తల ఎత్తాడు. సోములమ్మ గడప దాటి ఆగింది. బుట్ట పట్టుకుని ఉంది. ఒక్కతే వెళ్లడం లేదు.

"ఆకులకెల్లాల," అన్నాడు.

"ఆకులేటండీ, శాసనసభ అంటే."

"బేగి ఎల్తేగాని ఎండెక్కిపోద్ది."

ఇద్దరూ అడవిలోకి నడిచారు. మొదట్లో కొన్నాళ్లు అతను ముందు నడిచేవాడు. పులి వెనకనుంచి వస్తుందని ఎవరో అంటే వెనక నడిచాడు. ఆ రోజు కాసేపు ముందు, కాసేపు వెనక నడిచాడు.

"ఎటో ఒకేపు నడు," అంది సోములమ్మ.

దారి వెడల్పున్న చోట పక్కకు వచ్చాడు.