శుక్రవారం తాజ్ బంద్

ఫరీదాబాద్‌లో నర్సుగా పనిచేసే మా అక్క గురువారం నన్ను ఆగ్రా బస్సెక్కిస్తూ ఒకటే చెప్పింది. "ఫలానాది మూసేశారని ఎవడైనా అంటే నమ్మకు. వాళ్ల కొట్టుకి తీసుకుపోవడానికే అలా చెప్తారు."

ఉత్తరాదిలో నాకదే మొదటి ప్రయాణం. శుక్రవారం తాజ్‌మహల్, శనివారం ఆగ్రా కోట, ఆదివారం జైపూర్ అని కాగితం మీద రాసుకున్నాను. బస్సు ఫరీదాబాద్ దాటకముందే పక్కసీటు పెద్దాయన అందులోకి తొంగిచూశాడు.

"శుక్రవారం తాజ్ బంద్, బేటా," అన్నాడు హిందీలో.

అక్క మాట ఇంత తొందరగా నిజమవుతుందనుకోలేదు. "మీకెలా తెలుసు?" అన్నాను.

"ప్రతి శుక్రవారం వెళ్తాను కదా."

మూసేసిన చోటికి ఈయన వారం వారం వెళ్తాడట. అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదనుకున్నాను. ఆయన పెన్ను తీసి, "ఇలా ఇవ్వు, సరిచేస్తాను," అన్నాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాను. ఆయన ఇచ్చిన పల్లీలు ముట్టుకోలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని, ఆగ్రా దాకా నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునే కూర్చున్నాను.

మర్నాడు తాజ్ గేటు దగ్గర పోలీసు నన్ను ఆపేశాడు. లోపలి మసీదులో నమాజుకని ఆ ఊరివాళ్లని మాత్రమే పంపుతున్నాడు. ఆ వరసలో, దాదాపు గేటు దగ్గర, తెల్లటోపీ పెట్టుకుని పెద్దాయన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వలేదు. వరస వదిలి నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

కాగితం ఇచ్చాను. తాజ్‌ని శనివారానికి, కోటని శుక్రవారానికి మారుస్తూ రెండు బాణాలు గీసి, వెళ్లి వరసలో చిట్టచివర నిలబడ్డాడు.